రెండు మైకుల్లో ఒకే గది

2023 చలికాలం. మ్యూనిక్ పక్కనే ఉన్న ఉంటర్‌ఫ్యోరింగ్‌లో, పాత రికార్డింగులను కంప్యూటర్ ఫైళ్లుగా మార్చే ఒక చిన్న సంస్థలో నాది టేపుల పని. ఈ పని నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. మా ఆయన ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చిన కొత్తలో పాపను కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, దింపి నగర గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. జర్మన్ నేర్చుకుందామని ఏదో పుస్తకం తీస్తే అది అయస్కాంత టేపుల గురించి. బొమ్మలు ఎక్కువున్నాయని తీశాను. తర్వాత ఆ అరంతా చదివేశాను, పక్కన నిఘంటువు పెట్టుకుని. అందులో నేను ముట్టని పుస్తకం లేదని ఇప్పటికీ నాకు కొంచెం గర్వమే.

ఆ డిసెంబరులో టెర్మిన్ తీసుకుని, అంటే ముందే సమయం అడిగి పెట్టుకుని, ఒక పెద్దావిడ వచ్చింది. పేరు ఫ్రావ్ బ్రుగ్గర్, ఫ్రావ్ అంటే శ్రీమతి. చక్రాల సంచిలో వెడల్పాటి రీలు ఒకటి తెచ్చింది. ఆమె భర్త డెబ్బైల్లో మ్యూనిక్‌లో ఒక రికార్డింగు స్టూడియో నడిపాడట. యూరప్ పర్యటనకు వచ్చిన ఇద్దరు అమెరికన్ సోల్ గాయకులు, ఒకావిడ, ఒకాయన, ఓ మధ్యాహ్నం తన స్టూడియోలో కలిసి ఒక పాట పాడారని ఆయన చనిపోయేదాకా చెబుతూ ఉండేవాడట. సోల్ అంటే చర్చి పాటల ఒరవడిలోంచి వచ్చిన నల్లజాతి అమెరికన్ల సంగీతం. ప్రేమైనా దుఃఖమైనా గొంతులో ఏదీ దాచుకోకుండా పాడతారు. ఆ ఇద్దరి పేర్లు నేను రాయను. ఇద్దరూ ఎంతో పేరున్నవాళ్లు, ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్లు కలిసి పాడిన పాట ఒక్కటీ బయటికి రాలేదు.

అసలు చిక్కు అది కాదు. మ్యూనిక్ పాత స్టూడియోల మీద ఒక ప్రదర్శన పెడుతున్నారు. అంతకుముందు ఆవిడ ఇదే రీలును ఇంకోచోట కాపీ చేయించి నిర్వాహకుడికి ఇచ్చింది. ఆయన విని, ఇవి విడివిడిగా పాడినవని, ఒకరి పాట మీద ఇంకొకరి పాటను తర్వాత ఎక్కించి ఉంటారని తేల్చాడు. ప్రదర్శనలో ఆమె భర్త ఫొటో కింద "ధ్రువపడని కథ" అని రాయబోతున్నారు.

"నా భర్త అబద్ధం చెప్పాడా లేదా, మీరు నాకు అది చెబితే చాలు," అంది ఫ్రావ్ బ్రుగ్గర్.

ముందు ఆవిడ దగ్గరున్న ఆ కాపీ విన్నాను. ఒక్కొక్కరి మైకు ధ్వని ఒక్కో ట్రాకులో విడిగా ఉంది. అద్దంలా ఉంది. గాయని పాడనప్పుడు ఆమె ట్రాకులో పూర్తి నిశ్శబ్దం, గాయకుడి ట్రాకులోనూ అంతే. నాకు అక్కడే అనుమానం వచ్చింది. గదిలో మైకు తెరిచి ఉంటే అంత నిశ్శబ్దం ఉండదు. ఎవరో శుభ్రం చేశారు. పాట లేని చోటల్లా ధ్వనిని మూసేసే పద్ధతి ఒకటుంది, దాన్ని గేట్ అంటారు. అమ్మడానికి తయారుచేసే పాటకది మంచిదే. సాక్ష్యం వెతికేవాళ్లకు మాత్రం, దొంగతనం జరిగిన గదిని ఊడ్చి తుడిచినట్టు.

రీలు తేమ పట్టి జిగురుగా తయారైంది. జర్మనీలో తయారైన టేపులకు ఈ జబ్బు తక్కువ, ఇది అమెరికా నుంచి తెప్పించింది. ఇలాంటి వాటిని సన్నని వేడి మీద గంటల తరబడి ఆరబెట్టాలి. దాన్ని బేకింగ్ అంటాం. మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ చూసే శ్రీకాంత్‌ది వరంగల్. ఓవెన్ దగ్గర నన్ను చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనకుండా పోడు.

"ఏందక్కా, ఇయ్యాల బిర్యానీయా?"

"నీకు టేపు ముక్క పెడతాలే, కూర్చో."

ఆరాక ఫ్లాట్ ట్రాన్స్‌ఫర్ చేశాను. అంటే టేపులో ఏముందో అది, గురగుర ఉంటే గురగురతో సహా, ఏమీ దిద్దకుండా ఎక్కించడం. తర్వాత గాయని ట్రాకు ఒక్కటే పెట్టి, ఆమె ఆగినచోట ధ్వని పెంచాను. దూరంగా ఆయన గొంతు. ఒకరి మైకులోకి ఇంకొకరి గొంతు కారడాన్ని మేం బ్లీడ్ అంటాం.

శ్రీకాంత్ ఒప్పుకోలేదు. ముందు ఆయన పాడిపోయి ఉంటాడు, తర్వాత ఆవిడ హెడ్‌ఫోన్‌లో అది వింటూ పాడి ఉంటుంది, ఆ హెడ్‌ఫోన్‌లోంచి కారిందేమో అన్నాడు. నిజమే. అందుకని ఆయన ట్రాకు పెట్టాను. అందులో ఆవిడ గొంతు ఉంది. ముందు పాడి వెళ్లిపోయిన మనిషి ట్రాకులోకి, అప్పటికింకా పాడని మనిషి గొంతు ఎలా వస్తుంది? రెండు వైపులా కారిందంటే ఇద్దరూ ఒకే గదిలో ఒకేసారి నిలబడి పాడినట్టే.

పాట ముగిసింది. నేను రీలు ఆపలేదు.

"పాట అయిపాయె గదక్కా. ఉత్త గాలిని ఎక్కిస్తున్నవా?"

"రీలు ఖాళీ అయ్యేదాకా ఆపకూడదు."

"పుస్తకంల రాసిండ్రా?"

"రాశారు. రెండు పుస్తకాల్లో."

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడు. ఆ గాయకుడు చీదుకున్నాడు. ఇది చనిపోయిన మా తమ్ముడి కోసం పాడుకున్నాం, ఎవరికీ వినిపించకు అన్నాడు. జర్మన్ యాసలో ఇంకో గొంతు ఇంగ్లీషులో జవాబిచ్చింది, "వినిపించను. మా ఇంట్లో కూడా."

ఫ్రావ్ బ్రుగ్గర్‌ను పిలిపించి వినిపించాను. భర్త గొంతు రాగానే చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది. ఆ చివరి మాట మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను.

"ఈ రీలు నాకూ వినిపించమని ఎన్నిసార్లు అడిగానో," అంది. "వినిపించేవాడు కాదు. అందులో ఏమీ లేదు కాబట్టే దాస్తున్నాడని అనుకున్నాను. ఒకసారి మొహం మీదే అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు."

నేను ఆవిడ అనుమతితో ఒక సాంకేతిక నివేదిక రాసి నిర్వాహకుడికి పంపాను. ఆయన సంతోషించాడు గానీ, దిద్దని ఈ కాపీని తన చెవులతో వినకుండా రాత మార్చలేనన్నాడు. వినిపిస్తే ఫొటో కింద రాతే కాదు, ఆ పాటను ప్రదర్శనలోనే పెడతానన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. ఒక్క నిమిషం వినిపిస్తే చాలని ఆవిడకు నచ్చజెప్పబోయాను. శ్రీకాంత్ కూడా నావైపే. "పాడినోళ్లిద్దరు పోయిండ్రు, మాటిచ్చినాయనా పోయిండు. ఇంక ఎవలకోసమక్కా ఆ మాట?" అన్నాడు. ఆ ప్రశ్నను మర్యాదగా మార్చి ఆవిడను అడిగాను.

"నాకోసం," అంది ఆవిడ. "ఆయన ఆ మాట నా దగ్గర కూడా నిలబెట్టుకున్నాడు. నేను ఒక్క నిమిషానికి అమ్ముకోనా?"

రీలును కొత్త పెట్టెలో పెట్టి ఇచ్చాను. ఫైలు కూడా ఆవిడకే ఇచ్చి, మా దగ్గరున్న కాపీని ఆవిడ ఎదుటే తుడిచేశాను. ఆ మాట సంగతి తెలియకముందు నిర్వాహకుడికిచ్చిన పాత కాపీని ఆవిడ వెనక్కి తెప్పించుకుంది. దాచిన ధ్వనిని బయటికి తేవడమే నా పని అని అప్పటిదాకా అనుకునేదాన్ని. నేను చదివిన ఏ పుస్తకమూ, తెచ్చాక దాన్ని ఎవరు వినాలో తేల్చేది నేను కాదని చెప్పలేదు. అది ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ రీలు వచ్చినా, దీన్ని ఎవరు వినొచ్చని ముందే అడుగుతాను.

ప్రదర్శన మొదలైన రోజు ఎస్-బాన్ రైల్లో ఇద్దరం కలిసే వెళ్లాం. ఫొటో కింద "ధ్రువపడని కథ" అనే ఉంది. నాకు ఒళ్లు మండింది. ఫ్రావ్ బ్రుగ్గర్ కళ్లద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివి, ఆ అద్దాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఉండనివ్వండి," అంది. "జనం నమ్మకపోవడం ఆయనకు అలవాటే. నేనూ అలవాటు చేసుకుంటాను."