జూరా అక్క పంచిన వంతులు

పార్లమెంటు సభ్యుడు కుబాత్ మా గుడారంలోకి వచ్చి, పెద్దలు కూర్చునే చోట కూర్చుని, "ఇప్పుడు మన ప్రభుత్వం వచ్చింది" అనగానే గుడారం కూలిపోయింది.

ఎవరికీ దెబ్బలు తగలలేదు. పైకప్పు చక్రం చాయ్ కెటిల్ మీద పడింది. కంబళ్ళు మా అందరి మీదా పడ్డాయి. కాసేపు కుబాత్ మోచెయ్యి నా నోటికి అడ్డంగా ఉంది, అతని కొత్త టోపీ వెన్నగిన్నెలో ఉంది. ఆ చీకట్లోంచి జూరా అక్క గొంతు మాత్రం మామూలుగానే వినిపించింది.

"ఎవరూ కంగారు పడకండి. రొట్టె ఎక్కడుందో చూసుకుని, దాని మీద కాలు పెట్టకుండా బయటికి రండి."

రొట్టె తొక్కడమంటే మా దగ్గర గుడారం కూలడం కన్నా పెద్ద సంగతి. అంచేత దేశానికి చట్టాలు చేసే మనిషి చేతులతో నేల తడుముకుంటూ, మోకాళ్ళ మీద బయటికి వచ్చాడు.

గుడారం ఊరికే కూలలేదు. అసలది ఒకరిది కాదు. వాగు వంతెన దగ్గర దాన్ని మొదటిసారి వేసినప్పుడు ఒక ఇంటివాళ్ళు తడికలిచ్చారు, ఒకరు వాసాలు, ఒకరు కంబళ్ళు, ఒకరు మోకులు. ఎగువన ఊట ఉంది. దాని పక్కనే బంగారం కంపెనీవాళ్ళు విషపు నీళ్ళు నిలవ చెయ్యడానికి చెరువు తవ్వుతామన్నారు. ఆ ఊట తప్ప మా ఊరికి వేరే నీళ్ళు లేవు. యంత్రాలు అక్కడికి వెళ్ళాలంటే వంతెన దాటాలి. దారికి అడ్డంగా పొయ్యి వెలుగుతున్న గుడారం ఉంటే, దాని మీదుగా బండి తోలే డ్రైవరు ఈ కిర్గిజ్ కొండల్లో పుట్టలేదు. రాజధాని బిష్కెక్ నుంచి తెచ్చిన డ్రైవరు కూడా దిగి, చాయ్ తాగి, వెనక్కి పోయాడు.

తరవాత ప్రభుత్వం పడిపోయింది. బిష్కెక్ చౌకులో జనంతోపాటు మేమూ నిలబడ్డాం. కుబాత్ అప్పటికి మా బళ్ళో కుస్తీ నేర్పేవాడు. అతను వేదికెక్కి "ఊటని ఎవణ్ణీ తాకనివ్వను" అంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. పక్కనున్న మా ఊరి బూబూష్ నా తలగుడ్డ అంచుతో తన ముక్కు తుడుచుకుంది. మేమే ఓట్లేసి అతన్ని పంపాం. కంపెనీ లైసెన్సు రద్దయిందని టీవీలో చెప్పారు. గొర్రెల్ని కోసి పంచుకున్నాం. వసంతం రాగానే అవే యంత్రాలు, అదే పసుపు రంగుతో తిరిగి వచ్చాయి. తలుపుల మీద కంపెనీ పేరు మాత్రం కొత్తది. సరిగా అంటించలేదేమో, కింద పాత పేరు కనిపిస్తూనే ఉంది.

ఊరికి కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. "ఎవడొస్తే ఏం, అందరూ ఆ తానులో ముక్కలే" అనుకుని ఊరుకుంది. ఆపైన ఒక్కొక్కరూ వంతెన దగ్గరికి వచ్చి ఎవరిది వాళ్ళు విప్పుకుపోవడం మొదలుపెట్టారు. ఒకరికి దూడని కట్టడానికి మోకు కావాల్సి వచ్చింది. బూబూష్ కంబళి కోళ్ళగూటి మీదకి చేరింది. అందరూ మర్యాద తెలిసినవాళ్ళే. ఎవరూ ఒక్కసారిగా మొత్తం పట్టుకుపోలేదు. కుబాత్ వచ్చేనాటికి ఆ గుడారం కేవలం అలవాటు కొద్దీ నిలబడి ఉంది.

అందులో నాతోపాటు మిగిలిన మనిషి జూరా అక్క. పొట్టి మనిషి, కుడి మోకాలు సహకరించదు. పిల్లల బడిలో వంట చేసి మానేసింది. ఉపన్యాసాలు ఆమెకి చేతకావు. చౌకులో ఒకసారి మైకు చేతికిస్తే, "ఎవరిదో నీలం చేతిసంచి ఇక్కడ ఉండిపోయింది" అని చెప్పి దిగిపోయింది. ఆమె భర్త ఊళ్ళో నీళ్ళు పంచే నీరటి. ఆయన పోయాక ఆ పని, ఎవరూ అప్పగించకుండానే, ఆమెకి వచ్చింది.

మా ఊళ్ళో నీటి వంతంటే వంతే. వంతు వచ్చినవాడు పార పట్టుకుని తూము దగ్గర ఉండాలి. కునుకు తీశాడా, నీళ్ళు పక్కవాడి తోటలోకి పోతాయి. పెళ్ళివిందు మధ్యలో లేచి తూము దగ్గరికి పరిగెత్తిన పెళ్ళికొడుకు ఒకడు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నాడు. పెళ్ళికూతురు ఏమీ అనుకోలేదు. ఆమెదీ ఈ ఊరే.

సరే, గుడారం కూలింది. కుబాత్ బట్టలు దులుపుకున్నాడు. అతని వెంట వచ్చిన కెమెరా మనిషి మర్యాదగా వాగు కేసి చూస్తున్నాడు. ఊరివాళ్ళు గోడల వెనక నుంచి మమ్మల్ని చూస్తున్నారు.

"పోనీలే అక్కా, గాలే తీసేసింది," అన్నాడు కుబాత్. "ఇంక మళ్ళీ వెయ్యకండి. నా మాట విని ఒక్క ఏడాది ఆగండి."

జూరా అక్క నేల మీద పడున్న చక్రాన్ని చూసింది, అతన్ని చూసింది. "ఇక్కడ అందరిలోకీ నువ్వే పొడుగు. కాస్త ఆ చక్రం ఎత్తి పట్టుకో నాయనా."

గుడారం వేసేటప్పుడు పొడుగైన మగవాడు మధ్యలో నిలబడి, పంగల కర్రతో చక్రాన్ని పైకెత్తి పట్టుకోవాలి. మిగతావాళ్ళు చుట్టూ తిరుగుతూ అందులోకి వాసాలు దూరుస్తారు. అడిగితే కాదనడం మా దగ్గర లేదు, పగవాడైనా పట్టుకుంటాడు. కుబాత్ కూడా ఎత్తి పట్టుకున్నాడు. తను తీసెయ్యమని చెప్పడానికి వచ్చిన గుడారం ఇదేనని ఆ తరవాత గుర్తొచ్చినట్టుంది. అప్పటికి దించడానికి వీల్లేదు.

జూరా అక్కా నేనూ తడికలు నిలబెట్టాం. జూరా అక్క ఒక వాసం దూర్చింది. మోకాలు రుద్దుకుంది. ఇంకో వాసం వెతకడానికి నింపాదిగా వెళ్ళింది. నేను సాయం చెయ్యబోతే, "నువ్వు చాయ్ సంగతి చూడు" అంది.

"అక్కా, తొందరగా కానియ్యి. చేతులు లాగుతున్నాయి."

"లాగుతాయి. పైన పట్టుకున్నవాడికి లాగకుండా ఎలా ఉంటాయి? వదలకు, నీ నెత్తి మీదే పడుతుంది."

"మన ప్రభుత్వం మీద మనమే అలిగి కూర్చుంటే బయటివాళ్ళు నవ్వరా?"

"నీళ్ళు మన కాలవలోకి తిరిగాయని తూము దగ్గర్నుంచి లేచిపోతామా? తిరిగాకే కదా కాపలా."

"అది వేరక్కా."

"ఎలా వేరో చెప్పు. నాకింకా చాలా వాసాలున్నాయి."

అతను కర్ర మీద పట్టు సరిచేసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు కుస్తీలో ఓడినా అంతే. కెమెరా మనిషికి వినపడకుండా గొంతు తగ్గించి అన్నాడు: "అక్కడ నేనొక్కణ్ణే అక్కా. ఊట గురించి చెయ్యెత్తితే నాదొక్కటే లేస్తుంది. మిగతావాళ్ళంతా కిటికీలోంచి బయటికి చూస్తారు."

జూరా అక్క చేతిలో వాసంతో ఆగింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. మేం లేచి ఇంటికి పోయామనుకో, నీ వెనక ఎవరూ లేరని వాళ్ళకి తెలుస్తుంది. అప్పుడు నువ్వూ కిటికీలోంచే చూస్తావు. మేం ఇక్కడ కూర్చుంటేనే నువ్వక్కడ నిలబడగలవు."

"ఈసారి మాటిస్తున్నానక్కా…"

"వద్దు. నీ పాత మాటే ఇంట్లో ఉంది, కొత్తది పెట్టుకోడానికి చోటు లేదు. చక్రం కాస్త ఎడమకి."

ఆఖరి వాసం దూరాక గాని అతను చేతులు దించలేదు. జూరా అక్క అతనికి గిన్నె నిండా చాయ్ పోసింది. ఇంకా కూర్చోమనే అతిథికి మేం అడుగున కొంచెమే పోస్తాం. అతను నిండు గిన్నె వైపు చూసి, తాగి, కారెక్కాడు. టోపీ మర్చిపోయాడు. ఉతికి పంపించాం, వెన్న మరక పోలేదు.

గుడారం నిలబడింది గాని సగానికి సగం కంబళ్ళు లేవు. మర్నాడు జూరా అక్క కర్ర పట్టుకుని ఊళ్ళోకి బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. బూబూష్ కోళ్ళకి గింజలు చల్లుతూ, మమ్మల్ని చూడగానే తనే మొదలుపెట్టింది.

"నన్నేం అడక్కు అక్కా. ఏడ్చాను, అరిచాను, ఓటేశాను, గొర్రెని కోశాను. నాలో ఇంక కోపం లేదు. అయిపోయింది."

"కోపం ఎవరడిగారే? మంగళవారం నీ వంతు."

"దేని వంతు?"

"వంతెన దగ్గర కూర్చోడానికి."

"రాకపోతే?"

"పక్కింటి తాజికాన్‌కి ఇస్తా. తనకి ఇమ్మని ప్రాణం తీస్తోంది."

తాజికాన్ ఏమీ అడగలేదు. మేమింకా ఆ ఇంటికే వెళ్ళలేదు. కాని బూబూష్‌కీ తాజికాన్‌కీ మధ్య గోడ మీదికి వాలిన అక్రోటు చెట్టు ఒకటుంది. దాని కాయలు ఎవరివో ఇద్దరి అత్తగార్ల కాలం నుంచీ తేలలేదు. బూబూష్ గింజల గిన్నె కింద పెట్టింది.

"పొద్దుటా, మధ్యాన్నమా?"

"పొద్దుట."

"మధ్యాన్నం దానికివ్వకు. నేనే ఉంటా."

తాజికాన్ ఇంట్లోనూ జూరా అక్క అవే మాటలు చెప్పింది, బూబూష్ పేరు పెట్టి.

అలా ఊరంతా తిరిగింది. ఎవరితోనూ దేశం గురించి మాట్లాడలేదు. వంతు వచ్చిందంటే కాదనే నాలుక మా ఊళ్ళో లేదు. వదులుకుంటే పక్కవాడికి పోతుందన్న భయం పాలతోపాటు తాగాం. తన వంతు రోజున చలెయ్యకూడదని బూబూష్ కంబళి వెనక్కి తెచ్చింది. మొదట్లో సాయంత్రం కాగానే విప్పి మళ్ళీ కోళ్ళగూటికి పట్టుకెళ్ళేది. తరవాత బద్ధకించి అక్కడే ఉంచేసింది. మోకులూ అలాగే వచ్చాయి. మొదటిసారి మేం కోపంతో వచ్చాం. కోపం గడ్డిమంట, భగ్గుమని ఆరిపోయింది. ఈసారి వచ్చినవాళ్ళలో సగం మందికి ఏదన్నా మారుతుందన్న నమ్మకం లేదు. నాకూ తిరిగి రాలేదు. కాని శుక్రవారం నా వంతు వస్తుంది, నేను వెళ్ళి కూర్చుంటాను.

ఎండలు తగ్గాక ఒకరోజు పార్లమెంటులో ఊట సంగతి వచ్చింది. అందరం టీవీ ముందు చేరాం. కుబాత్ చెయ్యెత్తాడు. అతనిదొక్కటే. పక్కనున్న సభ్యురాలి చెయ్యి సగం దాకా లేచి, దారి మార్చుకుని, జుట్టు సర్దుకుంది. మా గదిలో అందరూ ఉసూరుమన్నారు. జూరా అక్క మాత్రం ముందుకి వంగి ఆ చేతినే చూసింది.

"సగం లేచింది," అంది. "ఆవిడది ఏ ఊరో కనుక్కోండి. అక్కడ కూర్చునేవాళ్ళు లేరేమో."

ఓడిపోయాం, కాని యంత్రాలు వంతెన దాటలేదు. అవతలి గట్టు మీదే ఉన్నాయి. మొదటి మంచు వాటి మీద పడింది. ఆ మంగళవారం నేను వేడి రొట్టె పట్టుకుని వెళ్ళేసరికి, జూరా అక్క పొయ్యిలోకి పిడక తోస్తోంది. బూబూష్ కంబళి కప్పుకుని, మూతి ముడుచుకుని కూర్చుంది.

"పొద్దుట్నుంచీ నడుం పడిపోయేలా కూర్చున్నానక్కా. ఒక్క బండి రాలేదు, ఒక్క మనిషి రాలేదు. ఏమీ జరగలేదు."

"ఏమీ జరక్కుండా చూడ్డానికేగా నిన్ను కూర్చోబెట్టింది."