రబ్బరు పడని మనిషి

మా వదిన పోయింది. పిత్తాశయంలో రాళ్ళు తీయాలంటే గుంటూరులో చేర్చాం. చిన్న ఆపరేషనేనన్నారు. మొదలుపెట్టిన అరగంటకు ఒళ్ళంతా దద్దుర్లు తేలి, ఊపిరి అందక, బీపీ పడిపోయి, ఇక లేవలేదు. సత్తెనపల్లి దగ్గర మిరప కల్లాల్లో పాతికేళ్ళు తొడిమలు తీసిన మనిషి ప్రాణం తీసింది మిరపకాయ కాదు, డాక్టర్లు చేతులకు వేసుకునే రబ్బరు తొడుగులు.

మిరప సంగతి కొంచెం చెప్పాలి. తొడిమలు తీసిన చేత్తో కన్ను నలుపుకున్నవాడికి పగలే చుక్కలు కనబడతాయి. అందుకని మా వైపు ఎవరన్నా చేతులు మండుతున్నాయంటే ఎందుకని అడగం, ఆముదం రాసుకోమంటాం. ఏ మంటైనా మాకు మిరప మంటే.

ఒక ఏడు కల్లం యజమాని కూలీలందరికీ రబ్బరు గ్లౌజులు ఇచ్చాడు. వదిన గంటలోపే తీసి పారేసింది. చేతులు మణికట్టు దాకా ఉబ్బిపోయాయి.

"ఘాటు లోపలికి దిగింది వదినా, ఆముదం రాసుకో," అన్నాను.

"మిరపకాయతో ఇన్నేళ్ళు కాపురం చేశా, దాని మంట నాకు తెలవదా అబ్బాయ్? ఇది మంట కాదు, దురద. నాకీ రబ్బరు పడదు."

"మహారాణి గారికి పట్టు తొడుగులు కుట్టించండర్రా," అన్నాను.

కల్లమంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, ఒట్టి చేతులతోనే కాయల ముందు కూర్చుంది.

మనవడి పుట్టినరోజుకు బెలూన్ ఊదితే పెదాలు వాచాయి. అరటిపండు తిన్నా నోరు దురదేననేది. దానికీ నా దగ్గర ఓ వేళాకోళం ఉండేది. ఇప్పుడు చెప్పబుద్ధి కావడం లేదు.

పిల్లల్ని ఎత్తుకునే ముందు మూడుసార్లు చేతులు కడిగి, వేలు నాలుకకు తాకించి చూసుకునేది. "నా కారం నాతోనే ఉండాలి, ఇంకొకళ్ళకు అంటకూడదు," అనేది.

బడి మెట్లెక్కకుండానే చదువు నేర్చుకున్నవాణ్ణని మా ఇంట్లో ఏ కాగితమైనా నా చేతికే ఇస్తారు. ఆస్పత్రి ఫారం కూడా నేనే నింపాను. 'పడని మందులు ఏవైనా ఉన్నాయా?' అని ఉందందులో.

"రబ్బరు సంగతి కూడా రాయి అబ్బాయ్," అంది వదిన మంచం మీద నుంచి.

"వాళ్ళడిగింది మందుల గురించి. రబ్బరు మందా?"

"అయితే వద్దులే. నీకు తెలిసినంత నాకేం తెలుసు."

'లేవు' అని రాశాను, గుండ్రటి అక్షరాలతో.

రబ్బరు పడదని ముందే తెలిస్తే వేరే రకం గ్లౌజులు వాడేవాళ్ళమని, రబ్బరు పడని చాలామందికి అరటిపండూ పడదని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ ఫారంలో రబ్బరుకొక గడి గీయడానికి ఎంత సిరా పట్టేదో వాళ్ళకే తెలియాలి. నా పెన్నులో మాత్రం కావలసినంత ఉంది.

పెద్దకర్మ నాడు అన్నయ్య వడ్డిస్తుంటే, ఉండబట్టలేక చెప్పేశాను.

"వదిన చెప్పింది అన్నయ్యా. నేనే రాయలేదు."

ఆయన అన్నం గరిటె నా విస్తరి మీదుగా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిరి పోయేదాకా అలాగే ఉండి, వడ్డించి, పక్క విస్తరికి జరిగాడు.