పెదవులు కనబడని పేపరు

పరిశోధన పేపరు పంపించడమంటే ఏమిటో తెలియనివాళ్ళకు ముందు ఒక మాట చెప్పాలి. మనం చేసిన పని రాసి ఒక కాన్ఫరెన్సుకు పంపిస్తాం. ముగ్గురో నలుగురో దాన్ని చదివి, తీసుకోవచ్చో లేదో తేలుస్తారు. వాళ్ళెవరో మనకు తెలియదు. మనమెవరమో వాళ్ళకు తెలియకూడదు. మొహమాటం లేకుండా తీర్పు చెప్పడానికట. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

మాది కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దునున్న పావగడ తాలూకా తిరుమణి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. తాతల కాలంలో గొర్రెలు మేపిన ఇల్లు మాది. తర్వాత శెనక్కాయ పండించారు. ఇప్పుడు ఆ చేను సోలార్ పార్కులో ఉంది. భూమి కంపెనీకి గుత్తకిచ్చి, అదే భూమిలో మా అమ్మ ప్యానెళ్ళు కడిగే కూలికి పోతుంది. ఆమె చేతిలో పొడవాటి కర్రకు బిగించిన బ్రష్, వరుస చివర ఎక్కడో నీళ్ళ ట్యాంకరు. నీళ్ళు వదలమనాలన్నా ఆపమనాలన్నా ఫోనులోని యాప్‌కు నోటితోనే చెప్పాలి. అక్కడి గాలి హోరులో ఫోనుకు మాట వినబడదు. వినబడినా మా తెలుగు దానికి ఎక్కదు.

నేను పట్టుకున్న పని అదే. గొంతుతో పాటు పెదవుల కదలికను కూడా చూసి, గాలికి కొట్టుకుపోయిన మాటను కంప్యూటరు చేత గుర్తుపట్టించడం. అందుకు మాట్లాడుతున్న మనుషుల ముఖాలు కావాలి. ప్యానెళ్ళ మీద పడిన ఎండ తిరిగి మనిషినే కొడుతుంది కాబట్టి, అక్కడ పనిచేసే ఆడవాళ్ళు కళ్ళు తప్ప ముఖమంతా బట్ట చుట్టుకుంటారు. దాన్ని తీయమని అడగడానికి నాకే నోరు రాలేదు. చివరికి అమ్మతో కలిసి పనిచేసే చిన్నమ్మే ఆ మాట ఎత్తింది.

“మా మొగాలు యాడ చూపిస్తావు మే?”

“ఫారిన్లో పెద్ద మీటింగు ఉంటాది చిన్నమ్మా. ఆడ చూపిస్తాను.”

“అట్లయితే ఈ పొద్దు వద్దు. రేపు తల దువ్వుకొని వస్తాము.”

మరుసటి రోజు అందరూ కనకాంబరాలు పెట్టుకొని పనికొచ్చారు. కెమెరా ముందు నిలబడి బట్ట తీసి మడిచి భుజాన వేసుకున్నారు. నేను అడగకుండానే ఒక్కొక్కరూ తన పేరు, తను పుట్టిన ఊరు, మెట్టిన ఇల్లు చెప్పి, “అద్దో, ఆ పేనళ్ళు ఉండేది మా చేన్లోనే” అని చెయ్యి చాపి చూపించారు. నాకు కావలసిన మాటలు చెప్పింది ఆ తర్వాతే. వాళ్ళు నన్ను పైసా అడగలేదు. నేను ఇచ్చింది ఒకటే మాట, చూపిస్తానని.

మొదటిసారి పేపరులో ఊరి పేరు గొప్పగా రాశాను. ఊరిని బట్టి రాసిందెవరో తెలిసిపోతుందంటూ చదవకుండానే తిప్పి పంపించారు. సరేనని తిరుమణి తీసేశాను, పావగడ తీసేశాను. వీడియోల్లో వాళ్ళు చెప్పుకున్న పేర్లు, ఊర్లు, చేలు అన్నీ కత్తిరించాను. కర్ణాటక అన్న ఒక్క మాట మిగిల్చి రెండోసారి పంపించాను. ఈసారి చదివారు. డేటా ఫలానా చోటిదని రాయలేదు కాబట్టి నమ్మలేమని ఒకాయన రాశాడు. రాస్తే ఒక తప్పు, రాయకపోతే ఇంకో తప్పు! కర్ణాటక అంటున్నారు కనుక భాష కన్నడమే అయ్యుండాలి, తెలుగని పొరపాటున రాసినట్టున్నారు అని ఇంకొకాయన దిద్దాడు. మా అవ్వ ఏ భాషలో తిట్టేదో ఆయన నాకు నేర్పిస్తున్నాడు! మూడో ఆయన అడిగింది మరీ బాగుంది. ఏదో ఒక మూల ఉన్న కొందరు కూలి ఆడవాళ్ళ మాటలతో లోకానికేం పని అట. విదేశీ టీవీల్లో వార్తలు చదివేవాళ్ళ ముఖాలతో ఎన్ని పేపర్లు రాలేదు? ఆ ముఖాలతో మా తిరుమణికేం పని అని ఎవరైనా అడిగారా? నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడోసారి పేపరు తీసుకుంటామన్నారు, ఒక షరతు మీద. వీడియోలో ఉన్నవాళ్ళు పేదవాళ్ళు, కాబట్టి వాళ్ళ రక్షణ కోసం ముఖాలు మసక చేయాలి. పెదవులు చదివే పేపరులో పెదవులు కనబడకూడదు! వాళ్ళు ఇష్టపడే నిలబడ్డారని మేము రాసిచ్చిన కాగితాన్ని ఎవరూ లెక్కచేయలేదు. టీవీలో వార్తలు చదివే ఆవిడ తన ముఖం గురించి తనే తేల్చుకోగలదు. ప్యానెళ్ళు కడిగే మా అమ్మ మాత్రం తేల్చుకోలేదు.

నా గైడు బెంగళూరులో పెద్ద ప్రొఫెసరు. పేపరు పోతే నీ డాక్టరేటు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది, మసక చేసెయ్, ఇందులో పోయేదేముంది అన్నారు. వాళ్ళను అడగకుండా చేయనన్నాను. ముఖాలు మసక చేసిన నకలు ఒకటి ఫోనులో పెట్టుకొని ఊరికి బస్సెక్కాను.

అమ్మ, చిన్నమ్మ ట్యాంకరు నీడలో కూర్చొని చూశారు. కనకాంబరాలు కనిపిస్తున్నాయి. వాటి కింద ముఖం ఉండాల్సిన చోట అలుక్కుపోయిన మరక.

“ఏందిమే ఇది?” అంది చిన్నమ్మ. “టీవీలో పోలీసోళ్ళు పట్టుకొచ్చినోళ్ళకు గదా ఇట్ల చేసేది. మేమేం దొంగతనం చేసినాము?”

అమ్మ ఫోను నా చేతిలో పెట్టి, “మేము బట్ట తీసింటే నువ్వు ఇంగో బట్ట కప్పినావు. మాకు ఇష్టం లేదని రాయి వాళ్ళకు,” అంది.

రాద్దామని అక్కడే కూర్చున్నాను. ఆలోపే కాన్ఫరెన్సు నుంచి మెయిలు వచ్చేసింది, మీరు సవరించి పంపిన వీడియో అందింది, ధన్యవాదాలు అని. ముఖాలు మసక చేయించి పంపింది గైడే. పేపరు పంపే ఖాతా ఆయన పేరు మీద ఉంది. ఫోను చేసి గట్టిగానే అడిగాను. నీ మంచికే చేశాను, పెద్దయ్యాక నీకే అర్థమవుతుంది అన్నారు. ముప్పై దాటినదాన్ని, ఇంకా ఎప్పుడు పెద్దవ్వాలో! వీడియో తీసేయమని కాన్ఫరెన్సుకు నేనే రాశాను. ఖాతా ఉన్నవాళ్ళు రాస్తేనే చూస్తామని జవాబొచ్చింది.

విదేశానికి కూడా ఆయనే వెళ్ళారు. కాన్ఫరెన్సులో ఆయన ఇచ్చిన ప్రసంగం వీడియోను ఇంటర్నెట్టులో పెట్టారు. ఫారిన్లో చూపించినారా అని చిన్నమ్మ వాళ్ళు అడుగుతూనే ఉంటే దాచడానికి మనసొప్పక, మళ్ళీ అదే ట్యాంకరు దగ్గర ఫోను తెరిచాను. తెర నిండా మసక ముఖాలు, పక్కన చిన్న గడిలో సూటు వేసుకున్న మా గైడు. ఆయన మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

“ఈ సారెవురు? ఈయప్ప ఎప్పుడు కడిగినాడు పేనళ్ళు?” అంది చిన్నమ్మ. ఎవరూ నవ్వలేదు.

ఊరి పేరు రాయనిచ్చే జర్నలు ఒకటి ఉందనీ, ఈసారి నా పేరు మీదే పంపిస్తాననీ, మళ్ళీ ఒక్కసారి కెమెరా ముందుకు రమ్మనీ అడిగాను. చిన్నమ్మ లేచి బ్రష్ అందుకుంది. అమ్మ భుజం మీది బట్ట తీసి దులిపి, ముక్కు మీదుగా చుట్టి, వెనక గట్టిగా ముడేసుకుంది. బట్ట లోపలి నుంచి వచ్చిన ఆమె మాట ఆ గాలిలోనూ నాకు బాగా వినబడింది.

“ముందు ఆ సారు మొగానికి కప్పి రాపో. అప్పుడు మేము తీస్తాము.”