కర్ర ఓడ జగన్నాధం

గరివిడి పక్క ఊళ్లో జగన్నాధం మొండితనం గురించి ఎవరిని కదిపినా పొద్దుపోయేదాకా చెబుతారు. పద్దెనిమిదేళ్లకి, "సేనెవడు దున్నుతాడ్రా!" అని తండ్రి అరుస్తున్నా వినకుండా నేవీలో చేరాడు. తీరా చూస్తే ఆయనకు దొరికింది కర్రతో చేసిన ఓడ. ఊరంతా ఒకటే నవ్వు. నవ్వితే నవ్వారు గానీ, ఆ ఓడ చేసే పని వాళ్లకేం తెలుసు? శత్రువులు నీటి అడుగున పెట్టే మైన్లు ఇనప ఓడ పైకొస్తే పసిగట్టి పేలతాయి. అందుకే వాటిని వెతికే ఓడను కర్రతో చేస్తారు. వెనకాల పొడవాటి కరెంటు తీగ ఈడ్చుకుంటూ తిరిగి, ఇనప ఓడే వచ్చిందని వాటిని నమ్మించి దూరంగా పేల్చెయ్యాలి.

డెబ్బై ఒకటి యుద్ధం ముగిశాక ఒక రేవు ముంగిట జగన్నాధం ఓడకు ఆ పని పడింది. ఒక దారిన వెళ్లడం, మళ్లీ అదే దారిన రావడం. ఎన్నాళ్లు తిరిగినా ఏమీ లేదు. కుర్రాళ్లకు విసుగెత్తింది. పైఅధికారి కసిరాడు. కొన్ని మైన్లు టక్కరివట, ముందొచ్చిన ఓడలన్నిటినీ పోనిచ్చి, తమ లెక్క నిండాకే పేలతాయట. మళ్లీ తిరిగారు. ఒక మధ్యాహ్నం వెనకాల సముద్రం నిట్టనిలువుగా లేచింది. జగన్నాధం డెక్ మీద బోర్లా పడి పెదవి చిట్లగొట్టుకున్నాడు. మర్నాడు అదే దారిన బియ్యం ఓడ నిక్షేపంగా రేవుకు చేరింది. కొన్నేళ్లకు ఆ కర్ర ఓడ ముసలిదైపోయి ముక్కలైంది. ఆయన ఊరొచ్చి నువ్వులూ గోగూ పండించుకుంటూ కాపురం చేశాడు.

నిరుడు వానల్లో భార్య నీలవేణికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కుదుటపడ్డాయి గానీ మాట పోయింది. వీధి చివరిదాకా వినబడే గొంతు ఆమెది. ఆ గొంతు లేని ఇల్లు ఆయనకు నరకమైపోయింది.

"కొందరికి వస్తుంది, కొందరికి రాదు. మాట్లాడిస్తూ ఉండండి," అంది విజయనగరం డాక్టరమ్మ.

అంతే, రోజూ పొద్దున్నే ఆమెను చెయ్యి పట్టుకుని వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా నడిపించేవాడు. చెంబూ, చీపురూ, ఉప్పూ, ఇలా ఒక్కో వస్తువూ చేతిలో పెట్టి పేరు చెప్పి, "నువ్వను," అనేవాడు. ఆమె ఆయన పెదాలకేసి చూసేది, అనలేకపోయేది. ఒక్కోనాడు ఏడ్చేది. ఆయన పశువుల శాలలోకి పోయి తనూ ఏడ్చి, తెల్లారగానే మళ్లీ గుమ్మం దగ్గర మొదలెట్టేవాడు.

శృంగవరపుకోట నుంచి చూడవచ్చిన ఆమె తమ్ముడు గిరిబాబు ఇదంతా చూసి మండిపడ్డాడు.

"బావా, మాయక్కని సంపేత్తన్నావు! రాని మాట కోసం ఏటిది? నాను తీసుకుపోతాను. మాయింట్లో సుకంగా ఉంటాది."

ఆమె ఏడవడం నిజమే. తను చేసేది మంచో చెడో జగన్నాధానికే తెలియలేదు.

"అమాసెల్లాక తీసుకుపోరా," అన్నాడు చివరికి. "అందాకా నా పని నాను సేస్తాను."

చేశాడు కూడా. అమావాస్య దాటి గిరిబాబు కారు తెచ్చిన రోజు పొద్దున సైతం గుమ్మం నుంచి వంటింటి దాకా తిప్పాడు. ఆమె నోరు మెదపలేదు.

గిరిబాబు అక్క బట్టల సంచి కార్లో పెట్టొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వరండాలో ఆమె ఠక్కున ఆగిపోయింది.

"ఉప్పు," అంది.

గిరిబాబు తెల్లబోయాడు. "ఏటక్కా? ఉప్పు కావాలేటి?"

"ఉప్పు!" తమ్ముడి చెయ్యి విదిలించి కొట్టి, స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుంది. తల అడ్డంగా ఊపుతూ, "ఉప్పు! ఉప్పు!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. వచ్చిన మాట తప్పే, కానీ రానంటోందని అక్కడ అర్థం కానివాళ్లు లేరు.

జగన్నాధం మెట్టు మీద కూలబడి భోరుమన్నాడు. గిరిబాబు వెళ్లి కార్లోంచి సంచి దించాడు.

కాసేపటికి జగన్నాధం కండువాతో మొహం తుడుచుకుని లేచాడు. వంటింట్లోంచి ఎండుమిరపకాయ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"అయితే ఇదేటే? సెప్పు."