తొట్టి అడుగుకు సున్నం

మా బావగారికి ఈత రాదు. ఇది ముందే చెప్పేస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఈత రాని మనిషి, ఎండాకాలం వస్తే మంచినీళ్ళకు బిందెలు పట్టుకుని తిరిగే మార్కాపురంలో, సొంత పెరట్లో ఈత తొట్టి కట్టించాడు. ఆయన్ని నేను "గారు" అంటున్నది అలవాటు కొద్దీ. మర్యాద ఎప్పుడో అయిపోయింది.

ఆయన నా భర్తకు అన్న, ఇంటికి పెద్ద. మాది పలకల వ్యాపారం. గనిలో రాయి తీయించి, పలకలు కోయించి, చెక్క చట్రాలు బిగించి, గడ్డి పరిచిన పెట్టెల్లో సర్ది రైలుకు ఎక్కించేవాళ్ళం. అప్పుడు మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు ప్రభుత్వం. బావగారు ఒకసారి సరుకు మాట్లాడుకోవడానికి మద్రాసు పోయి, అక్కడ ఎవరో దొర బంగళా తోటలో ఈత తొట్టి చూసి వచ్చాడు. దొర, దొరసాని, పిల్లలు అందరూ కలిసి అందులో ఈదుతున్నారట. ఇక ఆయనకు నిద్ర పడితే ఒట్టు. భోజనానికి కూర్చుంటే తొట్టి, చెయ్యి కడుక్కుంటే తొట్టి.

గిద్దలూరు వైపు నుంచి బావులు తవ్వే మనుషులు వచ్చారు. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు తవ్వారు. ఈ చివర మెట్ల దగ్గర మోకాటి లోతు, ఆ చివర పొడుగాటి మనిషికి గడ్డం దాకా. గానుగలో సున్నం ఆడించారు. మేస్త్రి పెద్దమనిషి, అనుభవం ఉన్నవాడు. "అడుగుకు తెల్ల గచ్చు చేద్దాం సామీ, నీళ్ళల్లో ఏముందో కనపడతాది" అన్నాడు. మా బావగారు అతన్ని పిచ్చివాడిని చూసినట్టు చూశాడు. "పలకల ఇంట్లో సున్నం గచ్చు ఏందయ్యా? ఊరంతా నవ్వుతారు. మన రాయే పరువు" అన్నాడు.

అదీ సంగతి. ఇంకో ఊళ్ళో ఇంకెవరైనా అయితే ఈ తప్పు చేసేవాళ్ళు కాదు. మా రాయి మాకు గొప్ప. గనిలోంచి చార కూడా లేని మేలైన బండలు ఏరి తెప్పించి, అడుగంతా, గోడలంతా పరిపించాడు. ఎండలో ఆ రాయి బూడిద రంగు. తడిసిందంటే కాటుక. నీళ్ళు నింపాక చూస్తే ఆకాశం కనపడింది, మా ముఖాలు కనపడ్డాయి, అడుగు మాత్రం కనపడలేదు. వచ్చిన చుట్టాలందరూ అబ్బో అన్నారు. ఊళ్ళో జనం దానికి దొరతొట్టి అని పేరు పెట్టారు.

చుట్టూ గోడ లేదు. మా పెరటి బావికి నడుమెత్తు గోడ ఉంది, ఊళ్ళో ప్రతి బావికీ ఉంది. తొట్టికి మాత్రం నేలతో సమంగా నీళ్ళు. నడుస్తూ నడుస్తూ పోతే నీళ్ళల్లోనే కాలు పడుతుంది. దొర ఇంట్లో గోడ లేదు కాబట్టి మాకూ వద్దు.

నాకు ఒక్కతే కూతురు. అప్పటికి నాలుగేళ్ళు. బావగారే దానికి చట్రం లేని చిన్న పలక ఒకటి ప్రత్యేకంగా చేయించి ఇచ్చాడు, దాని అరచేతులు రెండూ కలిపినంత ఉంటుంది. అది రోజంతా బలపంతో ఏదో గీకడం, తడిచేత్తో తుడవడం, మళ్ళీ గీకడం. తుడవడానికి నీళ్ళు కావాలి. పెరట్లో చెయ్యి చాపితే నీళ్ళు.

గోడ కావాలని నేను అడగాలి. ఎట్లా అడగడం? మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు. ఆయన వసారాలో ఉంటే నేను తలుపు చాటున ఉండాలి. ఏదైనా చెప్పాలంటే అత్తతో చెప్పించాలి, లేదా మొగుడితో చెప్పించాలి. పెళ్ళయి ఆరేళ్ళయినా నేను ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన కిర్రుచెప్పుల చప్పుడు వినపడగానే పక్కకు తప్పుకోవడమే నాకు తెలిసిన మర్యాద.

నా భర్తతో గట్టిగా చెప్పాను. "తొట్టి చుట్టూ గోడ, దానికి తలుపు, తలుపుకు తాళం. లేకుంటే నేను బిడ్డను ఎత్తుకుని కొమరోలు పోతా, మళ్ళీ రాను" అన్నాను. కొమరోలు మా పుట్టినిల్లు. ఆయన పోయి అన్న ముందు నిలబడేసరికి ఆ మాట నీరుకారిపోయింది. "ఇంట్లో ఆడోళ్ళు ఏదో గోడ అంటున్నారన్నా" అన్నాడు. తలుపు చాటున నేను పళ్ళు కొరుక్కున్నాను. బావగారు నవ్వాడు. "ఇంట్లో ఇంతమంది ఉండాం, ఒక్కరికి కండ్లు లేవా ఏంది?" అన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది. నేను కొమరోలు పోలేదు. పోయి ఉంటే బాగుండేది.

వానలు తగ్గి, బావి నిండుగా ఉన్న రోజులు. అప్పుడే ఎద్దులను కట్టి కపిలె తోలించి, బావిలోంచి తోడి తొట్టిని కొత్త నీళ్ళతో నింపారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పాప అత్త దగ్గర ఉందని నేననుకున్నాను. నా దగ్గర ఉందని అత్త అనుకుంది. ఇంతమంది కళ్ళున్న ఇంట్లో జరిగేది ఇదే. కాసేపటికి అత్త వంటింట్లోకి వచ్చి "పాప ఏదే?" అంది.

అందరూ తలా ఒక వైపు పరుగెత్తారు. బావగారు నేరుగా తొట్టి దగ్గరికి పోయాడు. ఆ మాత్రం తెలివి ఉంది. నేను పెరటి గుమ్మం దాకా పరుగెత్తుకుంటూ వచ్చి, ఆయన అక్కడ ఉన్నాడని తలుపు చాటున ఆగిపోయాను. ఆ ఆగడం గురించి తర్వాత మాట్లాడతాను. ఆయన గట్టు మీద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. మెట్టు దిగలేదు. పాదం తడవలేదు. "ఇందులో లేదు. ఉంటే కనపడదా? వీధి బావి కాడ చూడండి, గని కాడికి మనిషిని తోలండి" అన్నాడు. ఇంటి పెద్ద చూసి లేదన్నాక ఇంకెవరు చూస్తారు? అందరూ వీధిలోకి పోయారు. ఆయన కూడా పోయాడు.

నేను తొట్టి దగ్గరికి వచ్చాను. నాకూ ఏమీ కనపడలేదు. ఆకాశం, నా ముఖం. చీరతోనే దిగాను. నాకూ ఈత రాదు. మెట్లు దిగి, పక్క గోడ వెంబడి నడుములోతులో నాలుగడుగులు వేసేసరికి నా కాలికి పావడ తగిలింది. ముదురు నీలం పావడ.

అంతకు మించి ఆ పూట గురించి రాయను.

తలుపు చాటున ఆగిపోయానన్నాను కదా. "దిగి చూడు బావా" అని అప్పుడే అరిచి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ కాస్త సమయంలో పాప బతికి ఉండేదేమో, ఉండకపోయేదేమో. నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. అయితే నా వంతు నేను మోస్తున్నాను కాబట్టి ఆయన వంతు ఆయన చేత మోయించే హక్కు నాకు ఉందనుకున్నాను.

పదకొండో రోజు దాటాక బావగారు తొట్టిని పూడ్చేద్దామన్నాడు. మా ఊళ్ళో పలకల చెత్తకు కొదవ లేదు, పది బండ్లు పోస్తే నేల చదునైపోతుంది. పైన నాలుగు నిమ్మచెట్లు పెడతాడట. చదును చేసి, దాని మీద చెట్లు పెట్టి, నీడన మంచం వేసుకుని పడుకుంటాడన్న మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు చాటునుంచి బయటికి వచ్చి, వసారా దాటి, ఆయన ఎదుట నిలబడ్డాను. కొంగు తల మీదికి లాక్కోలేదు. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"పూడ్చొద్దు" అన్నాను.

నా భర్త నోరు తెరిచాడు, నేను ఒక్క చూపు చూస్తే మూసుకున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. "తొట్టి అట్లనే ఉండాల. చుట్టూ నిలువెత్తు గోడ కట్టించండి. ఒకే తలుపు. తాళం చెవి నా కాడ ఉంటాది. అడుగు రాళ్ళ మీద తెల్లగచ్చు చేయించండి. ఏటా ఎండాకాలం తొట్టి ఖాళీ చేసినప్పుడు నాచు గీకి సున్నం కొట్టాల. అది కూలోళ్ళు కాదు, మీరు కొట్టాల. మీ చేత్తో."

బావగారు అత్త వైపు చూశాడు. మా అత్త ఎన్నడూ పెద్దకొడుకు మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజు మాత్రం "చిన్నకోడలు చెప్పినట్టు చెయ్యరా" అని లోపలికి పోయింది.

తొట్టి ఎండగట్టినప్పుడు పాప పలక దొరికింది. అడుగున రాతి మీద రాయిలాగా పడి ఉంది. నీళ్ళు లేకపోయినా, ఎండ నెత్తిమీద ఉన్నా, కాలు వేసేదాకా నాకు అది కనపడలేదు. తీసుకుపోయి బావగారి ముందు పెట్టాను. "ఉంటే కనపడదా అన్నారు" అన్నాను. ఆయన పలక వైపు చూడలేదు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ తొట్టిని నేనే చూసుకున్నాను. తొట్టి లోపలి గోడలకు నీళ్ళ మట్టాన చుట్టూ మోకు కట్టించాను, మునిగేవాడి చేతికి అందేట్టు. పొడుగాటి వెదురుకు కొక్కెం బిగించి గోడకు ఆనించాను. సెలవులకు దొనకొండ నుంచి, గిద్దలూరు నుంచి చుట్టాల పిల్లలు వచ్చేవారు. వాళ్ళ వీపులకు ఎండు సొరబుర్రలు కట్టి దింపేదాన్ని. దిగేటప్పుడు తలలు లెక్కపెట్టేదాన్ని, ఎక్కేటప్పుడు లెక్కపెట్టేదాన్ని. ఒక పెద్ద మనిషి గట్టు మీద కూర్చోకుండా తలుపు తీసేదాన్ని కాదు. పిల్లలు నన్ను రాక్షసి అనేవాళ్ళు, అననీ. ఒక్క పిల్లకు కూడా గుక్కెడు నీళ్ళు ముక్కులోకి పోలేదు. చూసినవాళ్ళు నాది ఎంత మంచి మనసో అనుకునేవారు. నాది కసి. ఆ తొట్టి బాగుంటేనే ఏటా ఆయన అందులోకి దిగాలి.

దిగాడు కూడా. ప్రతి ఎండాకాలం బావగారు పంచె ఎగ్గట్టి, చేతిలో సున్నం కుంచెతో, అడుగున వంగి వంగి కొట్టేవాడు. నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. "ఆ పక్క గోడ కాడ సరిగ్గా పడలేదు" అనేదాన్ని. పాప దొరికిన చోటు అది. ఆయన మళ్ళీ వచ్చి కొట్టేవాడు. మొదట్లో కోపంగా కొట్టేవాడు, తర్వాత సిగ్గుతో, తర్వాత ఊరికే కొట్టేవాడు. నడుం వంగిపోయింది. నాకు జాలి కలిగిందా అని అడుగుతారేమో. లేదు.

ఇక చివరిది. బావగారికి మనవడు పుట్టాడు. వాడికీ నాలుగేళ్ళు వచ్చాయి. ఒక మధ్యాహ్నం ముసలాయన రొప్పుతూ నా గది ముందుకు వచ్చాడు. చెప్పులు లేవు. "బిడ్డ కనపడలేదమ్మా. తాళం చెవి ఇయ్యి" అన్నాడు.

తాళం చెవి నా బొడ్లోనే ఉంది. ఆ తలుపు తీసి మూడు రోజులయింది. గోడ నిలువెత్తు. బిడ్డ అందులో ఉండే వీలే లేదని నాకు తెలుసు. నిదానంగా ఆలోచిస్తే ఆయనకూ తెలిసేది. నేను చెప్పలేదు. చెవి ఆయన చేతికి ఇవ్వకుండా లేచి ముందు నడిచాను. తొందరపడలేదు. తాళం తీశాను.

నీళ్ళు తేటగా ఉన్నాయి. తెల్లటి అడుగు మీద పడ్డ వేపాకు కూడా కనపడుతోంది. ఆయన చూశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "లేడు" అన్నాడు, ఊపిరి వదిలి.

"చూస్తే చాలునా బావా?" అన్నాను. "ఆ పొద్దు కూడా చూసే చెప్పినారు గదా."

ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత పంచె కూడా ఎగ్గట్టకుండా మెట్లు దిగాడు. నా మోకు పట్టుకుని, గోడ వెంబడి, కాలితో అడుగు తడుముతూ పోయాడు. నీళ్ళు నడుం దాకా, రొమ్ము దాకా, గడ్డం దాకా వచ్చాయి. ఈత రాని ముసలాయన, పెదాలు బిగబట్టి, కనపడుతున్న అడుగునే జానెడు జానెడు తడుముతున్నాడు. నా బిడ్డ కోసం చెయ్యని పని అది.

ఆయన రెండో మూలలో ఉండగా వీధి గుమ్మం వైపు నుంచి ఆయన భార్య కేక వినపడింది. "దొరికినాడు! పలకల పెట్టెల ఎనక గడ్డిలో నిద్రపోతాండాడు!" ఆయన చెవికి అది అందలేదు, వయసు మీద పడింది, పైగా నీళ్ళ చప్పుడు. నాకు బాగా వినపడింది.

నేను పలకలేదు. ఇంకా రెండు మూలలు ఉన్నాయి.

ఆయన మూడో మూల తడిమాడు. నాలుగో మూలకు వస్తూ, సరిగ్గా పాప దొరికిన చోట ఆగి, రెండు కాళ్ళతో చాలాసేపు తడిమాడు. తల ఎత్తి, "లేదమ్మా" అన్నాడు. మనవణ్ణి లేడు అనాలి. లేదు అన్నాడు.

"మీవోడు ఇంట్లోనే ఉండాడు. దొరికినాడు" అన్నాను.

"ఎప్పుడు?"

"మీరు రెండో మూల కాడ ఉన్నప్పుడు."

ఆయన మోకు పట్టుకుని మెట్లెక్కి, తడి పంచె కాళ్ళకు చుట్టుకుంటుంటే, నా ముందు నుంచే ఇంట్లోకి పోయాడు. నేను తలుపు వేసి, తాళం పెట్టి, ఎప్పటిలాగే రెండుసార్లు లాగి చూసుకున్నాను.