ఇరుసుకు పూసిన పందికొవ్వు

సంతకం పెట్టినవాడికి బుద్ధన్నా ఉండాలి, పెట్టించుకున్న దేశమన్నా ఉండాలి. విల్నిస్ విషయంలో ఆ దేశం ఏనాడో పోయింది.

లాట్వియా తీరంలోని పైన్ అడవిలో సోవియట్ సైన్యం పెద్ద ఇనప పళ్లెంలాంటి రేడియో టెలిస్కోపు పెట్టి, పరాయివాళ్ల మాటలు దొంగచాటుగా వినేది. ఆ పళ్లెం తిరిగే ఇరుసుకు గ్రీజు పూసే పని విల్నిస్‌ది. లోపల చేసిందేదీ పెళ్లాంతో కూడా చెప్పనని కాగితం మీద సంతకం చేశాడు. అది ఏం వింటోందని అడగడమూ నేరమే. తాను తిప్పిన పళ్లెం ఎవరి చావుకు సాయపడుతోందోనన్న బెంగ మాత్రం ఆయన్ని లోపల్లోపలే తినేసింది. సైన్యం వెళ్లిపోయింది, ఆ దేశమే మాయమైంది, మహానుభావుడు నోరు మాత్రం విప్పలేదు.

ఇప్పుడా టెలిస్కోపు శాస్త్రవేత్తల చేతిలో ఉంది. జనాన్ని లోపలికి రానిచ్చే రోజని తెలిసి, భార్య వెల్టా పొగబెట్టిన చేపలూ రై ధాన్యపు రొట్టే మూటగట్టి ఆయన్ని బలవంతాన లాక్కొచ్చింది.

ఇరుసు దగ్గర డైగా అనే శాస్త్రవేత్త అందరికీ చెబుతోంది.

"సైన్యం పోయాక రెండు చలికాలాలు దీన్ని పట్టించుకున్న నాథుడు లేడు. బిగుసుకుపోయి ఉంటే తుక్కు కింద కోసేసేవాళ్లే. మా గురువుగారొచ్చి చూస్తే ఏముంది, ఇరుసు నిండా పందికొవ్వు! ఆ పుణ్యాత్ముడెవరో ఇప్పటికీ తెలీదు."

వెల్టా గిర్రున మొగుడి వైపు తిరిగింది.

"పందికొవ్వా? మన జాడీలు ఖాళీ చేసింది నువ్వా? పాపం, పక్కింటి పిల్లిని చీపురుతో తరిమి తరిమి కొట్టానే!"

"కంచె కింద దూరి వచ్చేవాణ్ణి. బంగారంలాంటి యంత్రం, తుప్పు పడుతుంటే ప్రాణం ఒప్పలేదు," అని గొణిగాడు విల్నిస్. "సంతకం పెట్టాను కదే, ఎలా చెప్పను?"

"ఎవరికి పెట్టావయ్యా, చచ్చిన దేశానికా? నీ నిజాయితీ తగలెయ్య!"

జనం గొల్లుమన్నారు. డైగా మాత్రం నవ్వలేదు. పరుగున వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "తాతా, మీరు లేకపోతే మాకిది లేదు. ఏం కావాలో అడగండి."

విల్నిస్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఇది ఇప్పుడేం వింటోందమ్మా?"

"కొత్తగా పుడుతున్న ఒక నక్షత్రాన్ని."

"మనుషుల మాటలు కాదుగా?"

"కాదు తాతా."

"దీనివల్ల ఎవరూ చావరుగా?"

"ఎవ్వరూ చావరు."

ముసలాయన కళ్లు జలజలా కారాయి. "చల్లగా ఉండు తల్లీ," అన్నాడు. "ఈ ఒక్క మాట అడగడానికి ఇన్నేళ్లూ భయపడి చచ్చాను."