దుంగల రైలుకి నేను పెట్టిన గేజి

న్యారో గేజి అంటే మీటర్ గేజి కన్నా ఇరుకుగా ఉండాలి. ఇది కాజీపేటలో పాలు పోసేవాళ్ళకి కూడా తెలుసు. మా ఇంట్లో మూడు తరాలు రైల్వే ఉద్యోగాలే కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువే తెలుసని పోయిన ఆదివారం దాకా అనుకున్నాను. చాయ్ చల్లారేలోపు చెప్పేస్తాను. మధ్యలో నవ్వకండి, ఇప్పటికే చాలామంది నవ్వారు.

మా దాదా, అంటే నాయనకి నాయన, పేరు ఖాసిం. పట్టాలు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాయన ములుగు వైపు అడవిలో టేకు దుంగలు మోసే చిన్న రైలు మీద పనిచేశాడట. దాదా దాన్ని ఎక్కాడట. ఆ రైలు ఇప్పుడు లేదు, దాదా తప్ప దాన్ని చూసినవాళ్ళూ ఇక్కడ లేరు. అందుకని రోజూ సాయంత్రం మా రైల్వే కాలనీ బెంచీ మీద కూర్చునే రిటైర్డ్ గార్డు సత్తయ్య తాత, దాదా కనబడగానే అడుగుతాడు.

"ఏం ఖాసిం భాయ్, ఇయ్యాల దుంగల రైలు రైట్ టైమేనా?"

అందరికన్నా గట్టిగా నవ్వేది నేనే. ఒకసారి దానికి టికెట్ కూడా తయారుచేసి ఇచ్చాను. దాదా దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు కానీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. అది నాకు గుచ్చుకుంది.

తర్వాత ఒక పాత అడవి మ్యాపులో సన్నటి గీత ఒకటి దొరికింది. రైలు గీతే. ఇంకేం, మోడల్ చేయాలి, కాలనీ హాల్లో రిటైర్డ్ ఉద్యోగుల సభ రోజున పెట్టాలి, బెంచీ మొత్తం నోరు మూయించాలి అని నిర్ణయించుకున్నాను. మోడల్‌కి ముందు కావలసింది గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం. దాదాని అడిగాను.

"అంగుళాలు యాదికి లేవు బేటా. ఒక కాలు ఈ పట్టా మీద, ఒక కాలు ఆ పట్టా మీద పెట్టి నిలవడుతుంటి. ఏడేండ్లుంటయి నాకు."

"కాలు కొలతతో మోడల్ కాదు దాదా. ఎవిడెన్స్ కావాలె," అన్నాను.

ఎవిడెన్స్ కోసం స్కూటీ వేసుకుని ఆ గీత దారిలో ఊరూరూ తిరిగాను. మూడో ఆదివారం ఒక ఊళ్ళో మల్లయ్య కాకా అనే ఆయన ఇంట్లో దొరికింది. ఆయన బర్రెల కొట్టంలో, నేలలో పాతిన రెండు పాత పట్టాలు, పక్కపక్కనే. వాటి మధ్య ఒక బర్రె పడుకుని నెమరేస్తోంది.

"కాకా, గివి ఎప్పటివి?"

"మా నాయిన కాలంవి బిడ్డా."

"దుంగల రైలువేనా?"

"దానివే."

ఇంకేం అడగాలి? బర్రెను కాస్త పక్కకు జరపమన్నాను. జరిపాడు. టేపు పెట్టాను. మూడడుగుల తొమ్మిదంగుళాలు. ఆయన పోసిన చాయ్ అరుగు మీది మొద్దుపై కూర్చుని తాగి, సభకు సాక్షిగా రమ్మని పిలిచి వచ్చేశాను.

మీటర్ గేజి మూడడుగుల మూడంగుళాలు, పైన కొంచెం. నా న్యారో గేజి దానికన్నా దాదాపు అర అడుగు వెడల్పు. బుద్ధున్నవాళ్ళు ఇక్కడ ఆగుతారు. నేను దాన్ని కొత్త విషయం కనిపెట్టడం అనుకున్నాను.

రెండు నెలలు కట్టాను. అడుగుకి అంగుళం లెక్క. థర్మోకోల్ గుట్టలు, వేపపుల్లల దుంగలు. మలుపు దగ్గర బండి ప్రతిసారీ పడిపోయేది. గమ్ కంపెనీని తిట్టాను. దాదా ఒకరోజు వచ్చి చాలాసేపు చూశాడు.

"జర ఎడల్పున్నది బేటా."

"నేను టేపు పెట్టి కొలిచిన దాదా. నువ్వు చిన్నప్పుడు చూసినవ్."

దాదా పడిపోయిన బండిని ఎత్తి పట్టాల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

సభ రోజున మోడల్ ముందు బోర్డు పెట్టాను: 'దేశంలోనే అతి వెడల్పైన న్యారో గేజి.' సత్తయ్య తాత కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"మీటర్ గేజి కన్నా ఎడల్పు న్యారో గేజి. ఖాసిం భాయ్, మీ నాయిన నడిపింది రైలా, రథమా?"

హాలంతా నవ్వింది. దాదా చాయ్ కప్పు కింద పెట్టాడు.

"కొలిచింది నా మనుమరాలు. అది చెప్పిందంటే అంతే."

తప్పని తెలిసి కూడా అన్నాడు. సరిగ్గా అప్పుడే ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలతో మల్లయ్య కాకా వచ్చాడు. సాక్షి వచ్చాడని నేనే మైకులో చెప్పాను.

"పట్టాలైతే రైలువే," అన్నాడు కాకా మోడల్ చుట్టూ తిరిగి. "రైలు బందువెట్టినంక మా నాయిన కొన్నడు. కొట్టంల గట్ల పాతింది నేను."

"గంత ఎడం ఎందుకు పెట్టినవే?" అడిగాడు సత్తయ్య తాత.

"బర్రె పండుకోవాలె గద."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఊపిరి తీసుకుంటున్నారు.

"ఆ రోజు చెప్పొచ్చు కదా కాకా," అన్నాను.

"నువ్వు అడగలే బిడ్డా. బర్రెను జరుపుమన్నవ్, జరిపిన."

అప్పుడు నవ్వారు. కుర్చీలు కదిలేలా నవ్వారు. దాదా మాత్రం ముందుకొంగి అడిగాడు.

"మల్లయ్యా, మరి రైలు అసలు ఎడం తెలుస్తదా?"

"ఎందుకు తెల్వది? పట్టాల కింది స్లీపర్ చెక్క మా అరుగు మీదనే ఉన్నది. మేకులు కొట్టిన బొక్కలు గూడ ఉన్నయి. బిడ్డ దానిమీదనే కూసోని చాయ్ తాగింది."

కాకా కోడలికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఆమె టేపు వెతికేదాకా హాలంతా ఆ ఇంటి కోళ్ళ అరుపులు విన్నది.

"రెండడుగులు మామా. ఒక బొక్క నుంచి ఇంకో బొక్కకు."

దాదా లేచాడు. హాలు టైల్స్ రెండడుగులవి. ఒక టైలుకి ఈ అంచున ఒక కాలు, ఆ అంచున ఒక కాలు పెట్టి నిలబడి సత్తయ్య తాత వైపు చూశాడు. ఏడేళ్ళ పిల్లాడు కూడా అలా నిలబడగలడు.

సత్తయ్య తాత కాసేపు ఆ కాళ్ళనే చూసి గడియారం చూసుకున్నాడు.

"జర లేటైంది గాని, వచ్చింది ఖాసిం భాయ్ నీ రైలు."

ఆ రోజు దాదా రెండుసార్లు బిర్యానీ వేయించుకున్నాడు. ఇంటికి వెళ్ళేదారిలో జేబులోంచి నేనిచ్చిన పాత టికెట్ తీసి నా చేతిలో పెట్టాడు. "దాచిపెట్టుకో. నీ బండికి పనికొస్తది."

మోడల్ పారేయడానికి మనసు రాలేదు. బండీ దుంగలూ తీసేసి, మల్లయ్య కాకా బర్రెను ఫోన్లోనే కొలిపించి, అడుగుకి అంగుళం లెక్కన మట్టితో ఒక బర్రెను చేశాను. పట్టాల మధ్య పడుకోబెట్టాను. అచ్చం సరిపోయింది. మలుపు దగ్గర కూడా పడిపోవట్లేదు.